ఎడమ పక్కకు తిప్పితే

సూళ్లూరుపేటలో మనిషికి ఎక్స్‌రే కావాలంటే బజారు దాకా నడిస్తే చాలు. స్కానింగ్ సెంటర్లకూ కొదవ లేదు. కుక్కకు కావాలంటే మాత్రం ఊరు దాటాలి, మాకైతే రాష్ట్రమే దాటాల్సి వచ్చింది.

మా సివంగికి ఆరేళ్లు. నాటు కుక్క, గోధుమ రంగు, పద్దెనిమిది కిలోల బరువు. మే నెలాఖరులో అన్నం ముట్టడం మానేసింది. నీళ్లు తాగితే కాసేపటికే ఆ నీళ్లు నురగతో బయటికొచ్చేవి. మా ఊరి పశువుల డాక్టరుగారు దాన్ని బల్ల మీద నిలబెట్టి, పొట్టకు రెండు పక్కలా అరచేతులు ఆనించి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ ముందు నుంచి వెనక్కి వెళ్లారు. పక్కటెముకల అంచున చెయ్యి పడగానే అది ఒళ్లంతా బిగబట్టింది. పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లకు తడి లేదు. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోలేదు. ముందు సెలైన్ ఎక్కించారు, తర్వాత మాట్లాడారు.

"ఇది ఎదకొచ్చి ఎన్నాళ్లయిందమ్మా?"

"నెల దాటింది సార్."

"రెండు అనుమానాలున్నాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు ఎద అయిన నెలా రెండు నెలల్లో గర్భసంచికి చీము పట్టొచ్చు. వాంతులు దానికీ అవుతాయి. లేదంటే ఏదో మింగింది, అది లోపల అడ్డం పడింది. కడుపు ఇంత బిగబట్టుకుంటే చేత్తో తేల్చలేను. ఎక్స్‌రే, స్కానింగ్ రెండూ కావాలి. ఆలస్యం చెయ్యొద్దు."

బజారులోని ఒక స్కానింగ్ సెంటర్లో అడిగాను. మనుషులు పడుకునే బల్ల మీద కుక్కను ఎక్కించలేమన్నారు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమైంది. డాక్టరుగారు కాగితం మీద పరీక్షల వివరాలూ ఇచ్చిన మందులూ రాసి, కింద రెండు అనుమానాలూ రాసి చేతికిచ్చారు. పెద్ద పశువుల ఆసుపత్రులున్న తిరుపతీ చెన్నై వేపేరీ మాకు ఇంచుమించు ఒకే దూరం. మా మరిది చాలాకాలం ఉత్తర మద్రాసులో లారీలు నడిపినవాడు. "ఏంది వదినా ఆలోచిస్తా ఉండావు? వేపేరికి పోదాం పద, ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది," అన్నాడు.

రైలు సంగతి ముందే విచారించి వదిలేశాం. కుక్కతో రైలెక్కాలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మనకే ఉండాలి, లేకపోతే దాన్ని గార్డు పెట్టెలో ఒంటరిగా ఉంచాలి. మాకు దొరికే లోకల్ బండికి మొదటి వసతి లేదు. రెండోది, నాలుక ఆరిపోయి పడి ఉన్న జీవికి చేయలేని పని. తెల్లవారక ముందే కారులో బయల్దేరాం. వెనక సీట్లో పాత దుప్పటి పరిచి దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ముందుకాలికి డాక్టరుగారు ప్లాస్టర్ వేసి పెట్టిన సూది ఊడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

తడ దాటాక ఆరంబాక్కంలో బోర్డులు అరవంలోకి మారాయి. గుమ్మిడిపూండి దగ్గర తెల్లవారింది. రెడ్‌హిల్స్ దాకా బండి ఆగలేదు. మాధవరం, మూలకడై నుంచి మాత్రం కంటెయినర్ లారీల మధ్య అడుగు తీసి అడుగు వేసినట్టే సాగాం. పెరంబూర్ బ్యారక్స్ రోడ్డు మీదుగా డౌటన్ దగ్గరికి వచ్చేసరికి సివంగి ఇంకోసారి కక్కింది. వచ్చింది ఉత్త నీళ్లు, పసుపుదనం ఏమీ లేదు. ఆ చిన్న సంగతిని మరిది గుర్తుపెట్టుకుని తర్వాత డాక్టర్లకు చెప్పాడు. అది ఎంత పనికొచ్చిందో ఇంకాసేపటికి తెలిసింది.

వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ 1903లో మొదలైంది. అప్పట్లో మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీవే కాబట్టి మన కుర్రవాళ్లు కూడా అక్కడికే వెళ్లి చదువుకునేవారు. 1955లో ఆంధ్రలో మనకంటూ వెటర్నరీ కాలేజీ ఏర్పడేదాకా ఈ ప్రాంతపు పశువైద్యానికి పెద్దదిక్కు వేపేరే. 1989లో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక కాలేజీ దాని కిందికి వెళ్లింది. కాలేజీని ఆనుకుని ఉన్న ఆసుపత్రికి ఇవాళ్టికీ నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి జనం జంతువులతో వస్తూనే ఉంటారు. ఓపీ చీటీ వరుసలో నా ముందూ వెనకా తెలుగు వినపడుతుంటే సగం భయం పోయింది.

ఆ వరుసలో ఉన్నవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. కూలిపని మనిషి ఒకాయన గోనెసంచిలో పిల్లిని పెట్టుకుని ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. బడిపిల్ల ఒకతి కుందేలును దుపట్టాలో చుట్టి తెచ్చింది. జంతువులకు స్కానింగులు డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లు ఒక ఉదయం ఆ వరుసలో నిలబడితే చాలు.

ముందు చూసిన డాక్టరమ్మ మా ఊరి కాగితం పూర్తిగా చదివింది. మరిది వాంతి రంగు చెప్పగానే తలెత్తి, "పచ్చగా, పసుపుగా అసలు లేదా?" అని రెట్టించి అడిగింది. లేదన్నాడు. పైత్యరసం కడుపు దాటిన వెంటనే వచ్చే పేగులోకి దిగుతుంది. అది వాంతిలో కలవడం లేదంటే దారి అంతకంటే పైనే, కడుపు గుమ్మం దగ్గరే మూసుకుపోయి ఉండొచ్చట. చీటీ మీద ఏదో రాసి కింద గీత గీసి మమ్మల్ని ఎక్స్‌రేకు పంపింది.

మా వంతు వచ్చేలోగా అక్కడి కంప్యూటరు ముందు ఒక ముసలి పామరేనియన్ ఫోటో చూస్తున్నారు. రాత్రంతా దగ్గుతోందని దాని ఇంటివాళ్లు కంగారు పడుతున్నారు. పీజీ చదివే అబ్బాయి ఒకడు, మదనపల్లె వాడట, గుండె మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఇంకో గీత గీశాడు. ఆ రెండు గీతలనూ తీసుకెళ్లి వెన్నెముక మీద, నాలుగో ఛాతీ వెన్నుపూస అంచు నుంచి పరిచి, ఒక్కో గీత కింద ఎన్ని పూసలు వస్తున్నాయో లెక్కపెట్టాడు. రెండూ కలిపితే పన్నెండు దాటింది. నేను తెలుగులో అడిగేసరికి సంతోషంగా చెప్పాడు. అమెరికాలో బుకానన్ అనే పశువైద్యుడు 1995లో ఈ లెక్క కట్టాడట. మామూలు కుక్కకు మొత్తం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర పూసల మధ్య ఉంటుంది, జాతిని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది.

"సెంటీమీటర్లలో కొలిస్తే పెద్ద కుక్కకూ చిన్న కుక్కకూ పోలిక కుదరదు కదమ్మా. దాని గుండెను దాని వెన్నుపూసతోనే కొలిస్తే పేచీ ఉండదు."

ఎవరి ఒళ్లు వాళ్లకే కొలబద్ద కావడం నాకు ఎంతో న్యాయంగా తోచింది. ఆ కుక్కకు గుండె పెద్దదై శ్వాసనాళాన్ని పైకి నెడుతోంది. దగ్గు అందుకే. మందు రాసిచ్చి, గుండెకు ఎకో కూడా తీయించమన్నారు.

మా పేరు పిలిచారు. సీసం ఏప్రాన్ తొడిగారు. వేసుకున్నాకే ఆ బరువెంతో తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్లూ పిల్లలూ లోపలికి రాకూడదని ముందే చెప్పారు. వీలైనంతవరకు మనిషి చేత్తో పట్టుకోకుండా ఇసుక సంచులు ఆనిస్తారు. కానీ భయపడ్డ జంతువు తెలిసిన గొంతు వింటే నెమ్మదిస్తుందని నన్ను తల దగ్గర ఉండనిచ్చారు, చేతులు వెలుగు పడే చతురస్రంలోకి రాకూడదన్న షరతుతో. మూతికి చిక్కం కట్టారు. సివంగి ఎదురు తిరగలేదు. దానికి ఆ ఓపిక కూడా లేదు.

ఎక్స్‌రే తీసే ఆయన మీట మీద వేలు పెట్టుకుని దాని పొట్టనే చూస్తూ నిలబడ్డాడు. మనిషినైతే ఊపిరి బిగబట్టమంటారు, కుక్కకు ఆ మాట చెప్పలేరు. ఊపిరి వదలడం అయిపోయి మళ్లీ పీల్చబోయే ముందు ఒక చిన్న విరామం ఉంటుంది. పొట్ట ఫోటోకు అదే సమయం. ఛాతీ ఫోటోకైతే నిండా పీల్చినప్పుడు తీయాలి. ఆ విరామం కోసం ఆయన కాసుకుని ఉన్న తీరు చూస్తే నాకు ఆ మనిషి మీద గురి కుదిరింది.

మొదట కుడి పక్క కిందికి వచ్చేలా పడుకోబెట్టి తీశారు. తెర మీదికి బొమ్మ వచ్చింది. పీజీ అబ్బాయి కర్రతో చూపిస్తూ వెళ్లాడు. ఎముక తెలుపు, గాలి నలుపు, కొవ్వు ముదురు బూడిద రంగు. కండా నీళ్లూ రక్తమూ అన్నీ ఒకే లేత బూడిద రంగు. లోహం ఉంటే ఎముక కన్నా తెల్లగా మెరిసిపోతుంది. మన కంటికి కనిపించే లోకమంతా ఆ అయిదు ఛాయల్లోకి కుదించుకుపోతుంది. సివంగి కడుపు ఉబ్బి ఉంది, అందులో అంతా బూడిద రంగు నీళ్లే. ఇంకేమీ లేదు. నడుము పూసల్లో అయిదో దాని ఎత్తు కొలిచి, పేగుల వెడల్పుతో పోల్చారు. పూస ఎత్తుకు 1.6 రెట్లు దాటితే పేగులో అడ్డం ఉందని అనుమానిస్తారట. దాటలేదు. పేగులు సన్నగా, ఖాళీగా ఉన్నాయి.

రెండోసారి వెల్లకిలా పడుకోబెట్టి తీశారు. అందులోనూ ఏమీ తేలలేదు.

నాకు గుండె జారింది. ఇంత దూరం వచ్చి ఏమీ లేదనిపించుకుని పోతామా అనుకున్నాను. అప్పుడు పెద్ద డాక్టరుగారు లోపలికి వచ్చి, తెర చూసి, డాక్టరమ్మ చీటీలో గీసిన గీత చూసి, అరవంలో ఒక్క మాట అన్నారు. సివంగిని ఎడమ పక్కకు తిప్పారు.

కుక్క కడుపులో పెద్ద సంచి భాగం ఎడమ వైపు ఉంటుంది, పేగులోకి దిగే గుమ్మం కుడి వైపు ఉంటుంది. లోపలున్న కాస్త గాలి మేస్త్రీ రసమట్టంలో బుడగలా ఎటు ఎత్తయితే అటు చేరుతుంది. కుడి పక్క కింద ఉన్నంతసేపూ గాలి పెద్ద సంచిలో ఉండిపోయి, గుమ్మం నీళ్లలో మునిగి ఉంది. నీళ్లదీ, నీళ్లు పీల్చుకున్న వస్తువుదీ ఒకే బూడిద రంగు కాబట్టి దేన్నీ విడదీసి చూడలేకపోయాం. ఎడమ పక్కకు తిప్పగానే గుమ్మం పైకొచ్చింది, గాలి అక్కడికి చేరింది. నల్లటి గాలి మధ్యన కోలగా, అంచులు పీచుపీచుగా ఉన్న బూడిద రంగు ఆకారం ఒకటి తేటగా నిలబడింది.

పెద్ద డాక్టరుగారు నా వైపు తిరిగి వచ్చీరాని తెలుగులో అడిగారు. "మీ ఇంట్లో మామిడిపండ్లు తింటారా అమ్మా?"

మే నెలలో నాటు రసాలు తినని ఇల్లు మా వైపు ఏది?

అయినా వాళ్లు అంతటితో ఆగలేదు. రెండో అనుమానం ఇంకా మిగిలే ఉంది. ఒకే కుక్కకు రెండు జబ్బులు ఉండకూడదని ఏమీ లేదు. అల్ట్రాసౌండ్ గదిలో సివంగిని మధ్యలో పల్లంగా ఉన్న మెత్త మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పొట్ట మీద వెంట్రుకలు మెషిన్‌తో నున్నగా తీసేశారు. వెంట్రుకల మధ్య గాలి చిక్కుకుంటే ధ్వని లోపలికి పోదు. చల్లటి జెల్ పూసేసరికి దాని ఒళ్లు ఒక్కసారి వణికింది. యంత్రం మోత దీని చెవులకు బాధగా ఉంటుందేమోనని అడిగాను. కుక్కకు మనకంటే రెట్టింపు పైస్థాయి వరకు, సెకనుకు నలభై వేల కంపనాలు దాటి కూడా వినిపిస్తాయి. ఈ ధ్వని మాత్రం యాభై లక్షలకు పైమాటే. దానికీ వినపడదు.

ముందు మూత్రాశయం నల్లగా, గుండ్రంగా కనిపించింది. దాన్నే గుర్తుగా పెట్టుకుని డాక్టరమ్మ గర్భసంచి కోసం వెతికింది. చీము ఉంటే నల్లటి గొట్టాలు మెలికలు తిరిగి కనిపిస్తాయట. అవేమీ లేవు. సన్నటి దారంలా గర్భసంచి మామూలుగా ఉంది. తర్వాత ప్రోబ్‌ను పక్కటెముకల కిందికి జరిపింది. విల్లులా వంగిన తెల్లటి గీత ఒకటి, దాని కింద పొడుగునా కటిక చీకటి. గట్టి వస్తువు పైపొరకు తగిలి ధ్వని అంతా వెనక్కి వచ్చేస్తే, వెనక ఏముందో కనపడకుండా అలా నీడ పడుతుంది. ఎక్స్‌రేలో చూసింది టెంకేనని ఆ నీడ రూఢి చేసింది. అయినా ప్రోబ్ తియ్యలేదు. కడుపు గోడ పొరలు పొరలుగా అయిదూ కనపడుతున్నాయి, కొంచెం వాచాయి కానీ ఎక్కడా తెగలేదు. పొట్టలోకి నీరు కారలేదు. గోడ చిల్లు పడి ఉంటే ఇంకో కథ అయ్యేది.

నేను ఇంటికొచ్చాక కూడా చాలా ఆలోచించింది ఈ గంట గురించే. ఒకే కుక్క, ఒకే బల్ల, ఒకే యంత్రం. రెండు ఫోటోలు ఏమీ లేదన్నాయి, మూడోది అంతా చెప్పింది. మధ్యలో మారింది కుక్క పడుకున్న తీరు ఒక్కటే. తిప్పమని చెప్పినాయనకు అది తోచడానికి వాంతి రంగు కారణమైంది. దాన్ని గమనించి చెప్పినవాడు లారీలు నడిపిన మా మరిది. దానికి ముందు మా ఊరి డాక్టరుగారి పది వేళ్లు పక్కటెముకల కింద నొప్పి ఉందని పట్టుకున్నాయి, ఆయన రాసిన రెండు అనుమానాలు ఇక్కడి వాళ్లకు దారి చూపించాయి. ఫోటో తీస్తే జబ్బు దానంతటదే బయటపడుతుందన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. బయటపడదు. ఏం వెతుకుతున్నామో తెలిసినవాళ్లు అడిగినంతవరకే యంత్రం చెబుతుంది. నోరులేని జీవి విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే ఎక్కడ నొప్పో చెప్పి మన లెక్క సరిదిద్దడం దానికి చేతకాదు.

రక్తపరీక్షలో క్లోరైడు, పొటాషియం బాగా పడిపోయాయి. ఆగకుండా కడుపులోని ఆమ్లమంతా కక్కేస్తే అలాగే అవుతుందట. అవి సర్దుకోకుండా మత్తు ఇస్తే గుండెకు ప్రమాదం. అందుకని మధ్యాహ్నం దాకా సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారు. నోట్లోంచి గొట్టం కెమెరా పంపి తీయడానికి కుదురుతుందా అని అడిగితే, నున్నగా జారే అంత పెద్ద టెంకను పట్టుకుని గొంతులోంచి లాగితే అన్నవాహిక చీరుకుపోవచ్చన్నారు. కోయక తప్పలేదు. ఆపరేషన్ గురించి నేను రాయగలిగింది తక్కువ, బయట ఉన్నాను. ముగిశాక స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. టెంక నల్లబడి, పీచంతా ఊడి, ఒక కొన మాత్రం గుమ్మంలో ఇరుక్కున్న మేరకు నొక్కుపడి ఉంది.

కుట్లు తీయడానికి మళ్లీ చెన్నై పోనక్కర్లేకపోయింది. మా ఊరి డాక్టరుగారే తీశారు. అప్పటికి సివంగి గంజి దాటి మెత్తటి అన్నానికి వచ్చింది, పరగడుపునే గిన్నె దగ్గర కూర్చుని అరుస్తోంది. డాక్టరుగారు మూడు ఫిల్ములూ కిటికీ అద్దానికి ఆనించి, ఎడమ పక్కది చాలాసేపు చూశారు. తర్వాత మూడింటినీ ఫోనులో ఫోటోలు తీసుకున్నారు, తోటి డాక్టర్లకు పంపుతానన్నారు.

అప్పుడే ఆయన ఒక సంగతి చెప్పారు. చేతిలో పట్టుకుని తిరిగే చిన్న అల్ట్రాసౌండ్ యంత్రం పశువుల ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. ఆవు చూలు నిలిచిందో లేదో నెల రోజులకల్లా దాంతో చెప్పేయొచ్చు. చేత్తో చూసి చెప్పాలంటే మామూలుగా నెలన్నర, రెండు నెలలు ఆగాలి. రైతుకు అది ఒక ఎద కాలం కలిసొచ్చే విషయం. ప్రోబ్ మారిస్తే అదే యంత్రం కుక్క పొట్టకూ మేక పొట్టకూ పనికొస్తుంది. మా చుట్టుపక్కల పల్లెల్లో పాడి మీద బతికే ఇళ్లు ఎన్నో. ఆ యంత్రమొకటీ, దాన్ని చదవడం నేర్పే శిక్షణా మా ఆసుపత్రికి కావాలని ఆయన ఇదివరకే పైకి రాశారు.

మేము ఇంకో అర్జీ రాశాం. పాలకేంద్రానికి పాలు పోసే ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టించే పని నేను తీసుకున్నాను. యంత్రం అడిగిన వాక్యం కిందనే శిక్షణ గురించి కూడా విడిగా రాయించాను. సివంగి ఫిల్ముల నకళ్లు మూడూ, ఏది ఏ పక్కన పడుకోబెట్టి తీసిందో రాసి, అర్జీకి జతచేశాం.